మా ఆయన కుడిచెయ్యి, లక్ష మైళ్ళ కారు

మొన్న ఆదివారం మా మనవడు, అంటే మా అమ్మాయి కొడుకు, సెకండ్ హ్యాండ్ కారొకటి కొనుక్కుని తిన్నగా మా వీధిలోకి తెచ్చి, నా గుమ్మం ముందు ఆపి, హారన్ మీద చెయ్యి తియ్యకుండా మోగించాడు. చెవుడు నాకు కాదురా, పక్కింటావిడకి అని ఎన్నిసార్లు చెప్పినా వినడు. ఎర్ర కారు. నాలుగు తలుపులున్నా ఇది మామూలు కారు కాదట, పరుగుల కారట, కొత్తది కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలట, అందుకని బాగా తిరిగినదాన్ని పట్టుకొచ్చాడట. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు సీట్లో కూలేసి, "అమ్మమ్మా, ఈ బటన్ నొక్కు. నీ చేత్తోనే స్టార్ట్ అవ్వాలి" అన్నాడు. నేను బటన్ నొక్కలేదు. మీటరు వంక చూసి, "ఇది ఎన్నిసార్లు సున్నాకి వచ్చిందిరా?" అని అడిగాను. వాడు పకపకా నవ్వేశాడు. "నీకేటి తెలుసే అమ్మమ్మా, కార్ల గురించి?" అన్నాడు. నాకేం తెలుసా! ఒరే నాయనా, మీ తాతయ్య కంటే, ఆ మాటకొస్తే ఆ రోజుల్లో ఈ అనకాపల్లిలో కారున్న ఏ మగాడి కంటే నాకే ఎక్కువ తెలుసు. తెలిసి నోరు మూసుకున్నదాన్ని. ఆ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇంక దాచుకుని ఎక్కడికి పట్టుకుపోను గనక!

మా ఆయనది బెల్లం కొట్టు. అరవైల్లో, నేను కాపరానికొచ్చిన రోజుల్లో, మార్కెట్టులో ఆయన మాటకి ఎదురుండేది కాదు. రైతు బండి దింపగానే బెల్లం దిమ్మ మీద ఇనప బద్దతో ఒక్క దెబ్బ వేసేవాడు. పెచ్చు ఊడితే చాలు, రంగు చూసి, నాలిక మీద వేసుకుని, ఏ ఊరి చెరుకో, పాకం ఎంతసేపు కాగిందో, రంగు కోసం మందు ఎంత కలిపారో చెప్పేసేవాడు. ఆ విద్యలో ఆయన్ని మించినవాడు లేడు, కాదనను. కానీ ఆ దెబ్బ దిమ్మలతో ఆగేది కాదు. చెయ్యి ముందు, మాట తరవాత. గుమస్తాని కొట్టేవాడు, దిమ్మలు మోసే కళాసీలని కొట్టేవాడు, బండి కదలకపోతే ఎడ్లని కొట్టేవాడు, ఎడ్లని ఎందుకు కొడతావయ్యా అని అడిగిన రైతునీ కొట్టేవాడు. నన్ను మొదటిసారి కొట్టింది కాపరానికొచ్చిన తొమ్మిదో రోజున. మజ్జిగలో ఉప్పు లేదని. ఉప్పు ఉంది. చెప్పొద్దూ, ఆ ఉప్పు సంగతే నాకు ఇప్పటికీ మండుతుంది. తప్పు చేసి తన్నులు తింటే అదో లెక్క, ఉప్పు వేసి మరీ తన్నులు తినడం ఏమిటి!

ఆయనకి కారు మీద మోజు ఎలా పుట్టిందో నాకు తెలీదు. తుని అవతల ఏదో ఎస్టేటు వారి మనవడు సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న కారొకటి అమ్మకానికి పెట్టాడని విని, పాయకరావుపేట దాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణించి జట్కా కట్టించుకుని వెళ్ళాడు. ఆ బేరం కథ తరవాత వెయ్యిసార్లు చెప్పుకున్నాడు కనక నాకు కంఠతా వచ్చు. ముదురాకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, నాలుగు తలుపులు. చూడ్డానికి పెళ్ళివారి కారులా ఉన్నా లోపల రేసు కారు ఇంజనట, మద్రాసులో పందేలకి పరిగెత్తిందట. మీటరు ఆరువేల చిల్లర మైళ్ళు చూపిస్తోంది. మా ఆయన దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, బానెట్టు ఎత్తించి, ఆయిలు చూసే పుల్ల బయటికి లాగి, ఆ ఆయిలు రెండు వేళ్ళ మధ్య పెట్టి సాగదీశాడు. తీగ వచ్చింది. పాకం ముదిరితే వచ్చే తీగ! అంత చిక్కటి ఆయిలున్న కారు మేలురకం కాకుండా ఎలా ఉంటుంది? అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాడు. ఊరందరి బెల్లం గుట్టు బయటపెట్టే మనిషి, లోపల అరిగిపోయిన ఇనుము చప్పుడు వినబడకుండా ఎవరో ఆముదం లాంటిదేదో దట్టించిన సంగతి కనిపెట్టలేకపోయాడు. ఆ మీటరు లక్ష దాకా తిరిగి, సున్నాకి వచ్చి, మళ్ళీ ఆరువేలు తిరిగిందని కూడా తెలుసుకోలేకపోయాడు.

వచ్చేటప్పుడు దారిలోనే మొదలైంది. డ్రైవింగు అక్కడే రెండు రోజుల్లో నేర్చుకున్నాడు, అంటే నేర్చుకోలేదు. యలమంచిలి దాటాక, పూడిమడక నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒక ఆడమనిషిని తోసేశాడు. గంప పడి చేపలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఈయన దిగి ఆమె మీదే చెయ్యెత్తాడు. ఆవిడ నాలా మజ్జిగలో ఉప్పు వేసే రకం కాదు. కింద పడ్డ పెద్ద చేప తోక పట్టుకుని ఈయన మొహం మీద ఎడాపెడా వాయించి, మిగతా చేపలన్నీ అద్దంలోంచి కారులోకి విసిరి, "నీ బండి కుళ్ళిపోనూ!" అని తిట్టి పోయిందట. ఈ ముక్క ఆయన చెప్పలేదు లెండి, పక్కన కూర్చుని వచ్చిన గుమస్తా చెప్పాడు. నెల్లాళ్ళు ఆ కారు నీచువాసన కొట్టింది. నేను సీట్లు కడుగుతూ, ఎవరూ చూడకుండా ఆ మహాతల్లికి దణ్ణం పెట్టుకున్నాను.

ఇంటికి రాగానే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, కోడిపుంజుని కోయించి, ఆ రక్తం బానెట్టు మీద, నాలుగు చక్రాల మీద పోయించాడు. అది మామూలే, మా వేపు ఏ బండి కొన్నా చేస్తారు. కానీ ఈయన కారు ఆగినప్పుడల్లా మరో పుంజుని కోయించాడు. ఆ ఏడాది మా పెరట్లో పుంజన్నది మిగల్లేదు, పెట్టలన్నీ ముండమోశాయి. కారు నాలుగు రోజులు తిరిగితే పది రోజులు పడుకునేది. ఇవాళ నీళ్ళు కారేవి, రేపు బ్రేకు పట్టేది కాదు, సెల్ఫు ఎప్పుడో చచ్చి ఊరుకుంది కనక రోజూ ముందు నుంచి ఇనప హేండిల్ దూర్చి తిప్పాల్సిందే. తిప్పినా కదలకపోతే చెప్పు తీసుకుని బానెట్టు మీద కొట్టేవాడు. ఇనుముకి ఏం నొప్పి? చెప్పు తెగేది. అక్కణ్ణించి ఇంట్లోకొచ్చేవాడు.

కారు కదలని రోజున నా వంతు అని నాకు ఒంటికి తెలిసిపోయింది. షెడ్డు మా వంటింటిని ఆనుకుని ఉండేది, మధ్యలో చిన్న కిటికీ. పొద్దున్నే హేండిల్ తిప్పిన చప్పుడు వినబడి, ఆ తరవాత ఇంజను చప్పుడు వినబడకపోతే పొయ్యి మీది గిన్నె దింపి దూరంగా పెట్టేదాన్ని. ఒకసారి ఉప్మాక దారిలో నడిరోడ్డు మీద ఆగిపోతే ఎడ్లబండి వెనక కట్టి ఈడ్చుకొచ్చారు. మార్కెట్టంతా బయటికొచ్చి నవ్వింది. నవ్విన వాళ్ళందరినీ కొట్టలేడు కదా. ఇంటికొచ్చి, అన్నం వడ్డిస్తున్న నన్ను కడుపులో తన్నాడు. నాకప్పుడు మూడో నెల. రెండు రోజులు రక్తం పోయి, ఆ పిండం నిలవలేదు. మా అత్తగారు నా పక్కన కూర్చుని, నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, "నూతి కాడ కాలు జారి పడ్డానని సెప్పమ్మా. నేనూ అలాగే సెప్పుకున్నాను" అంది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆ చివరి మాట విన్నాక ఇంకేం కోపం వస్తుంది!

ఇక మేస్త్రీ సాయిబు. మార్కెట్టు వెనక వీధిలో తాళాలు, కుట్టుమిషన్లు, రైసు మిల్లుల ఇంజన్లు బాగుచేసే కుటుంబం వాళ్ళది. యాభై ఏళ్ళుంటాయి, బక్కపల్చటి మనిషి, మెడలో ఎప్పుడూ గళ్ళ తువ్వాలు. ఆ కారుని బతికించగలిగినవాడు ఊళ్ళో ఆయనొక్కడే. మొదటి రోజున ఆ చిక్కటి ఆయిలంతా కిందికి దింపేసి, "బాబూ, ఇది ఆరేలు కాదు, లచ్చ దాటి ఆరేలు" అని నిజం చెప్పినందుకు మా ఆయన చేతిలో చెంపదెబ్బ తిన్నాడు. తిని, తువ్వాలుతో చెంప తుడుచుకుని, మళ్ళీ ఇంజనులోకి వంగాడు. ఆ వంగడం చూసి నాకు ఒళ్ళు మండింది, జాలీ వేసింది. అచ్చం నాలాగే ఉన్నాడే ఈయన అనుకున్నాను.

కిటికీలోంచి నీళ్ళు, కిరసనాయిలు, పాత చీర గుడ్డలు అందిస్తూ ఉండేదాన్ని. ఆయన నా వంక చూసేవాడు కాదు. చేస్తున్న పని మాత్రం పైకి చెప్పుకుంటూ చేసేవాడు. మొదట అలవాటేమో అనుకున్నాను. రెండు నెలలు పోయాక ఒకరోజు నేను నోరు జారి, "మేస్త్రీ, మొన్న తీసిన వాషరు తిరగేసి పెట్టారేమో" అన్నాను. ఆయన ఆగి, వాషరు తీసి చూసుకుని, "ఇన్నాళ్ళూ ఇంటన్నారన్నమాట. మంచిదే" అన్నాడు. అప్పట్నించి నాకు చెబుతూనే చేశాడు. ఏ చప్పుడుకి ఏ జబ్బో, ప్లగ్గు నల్లబడితే ఏమిటో, తెల్లబడితే ఏమిటో, అన్నీ వచ్చాయి. హేండిల్ పట్టడం కూడా చెప్పాడు. నాలుగు వేళ్ళూ కిందనుంచి పట్టాలి, బొటనవేలు మాత్రం అవతలికి చుట్టకూడదు, వేళ్ళతో పాటు ఇటువైపే ఉంచాలి. ఇంజను ఒక్కోసారి ఎదురు తిరిగి తంతుంది, బొటనవేలు చుట్టి ఉంటే చెయ్యి వదుల్చుకోలేం. "బాబుగారికి పదిసార్లు సెప్పేను. మగోడి పట్టు అలాగుండదురా అంతారు" అన్నాడు. మా ఆయన ఆ హేండిల్ని పిడికిలి బిగించి, బొటనవేలు చుట్టూ వేసి, పీక పట్టుకున్నట్టు పట్టుకునేవాడు.

మళ్ళీ నాకు నెల తప్పింది. నాలుగో నెల వచ్చింది. ఈసారి ఎలాగైనా దీన్ని నిలుపుకోవాలి, అంతే, ఇంకో ఆలోచన లేదు నాకు. నిద్రలో కూడా కడుపు మీద చేతులు అడ్డం పెట్టుకుని పడుకునేదాన్ని. ఆ రోజు పొద్దున సాయిబు వచ్చి, ఇంజనులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చూసే డబ్బా ఒకటుంటుంది, దాన్ని కదలకుండా పట్టి ఉంచే బోల్టు మర అరిగిపోయిందని చూశాడు. విశాఖపట్నంలో లేతు మిషను మీద కొత్తది చేయించుకొస్తానని బయల్దేరుతూ, కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "అమ్మా, బాబుగారు కొట్లో కోపం మీదున్నారంట. నేనెళ్ళి సెప్పలేను. ఇంటికి రాగానే మీరు సెప్పండి. డబ్బా ముందుకి జరిగిపోయుంది, నిప్పు ముందే అంటుకుంటాది. ఇయ్యాల హేండిల్ ఎయ్యొద్దు, తిరగబడి తన్నేత్తది. నేను సాయంత్రం బస్సుకొచ్చేత్తాను" అన్నాడు. చెబుతానన్నాను.

మూడు గంటలకి మా ఆయన వచ్చాడు. మార్కెట్టులో ఎవరో, షెడ్డులో కట్టేసిన మీ కారు పాలేమైనా ఇస్తుందా అని అడిగారట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను కాఫీ తెచ్చేలోపే గ్లాసు లాక్కుని నా మీదకి విసిరాడు, వేడి కాఫీ భుజం మీంచి కిందికి కారింది. "ఇయ్యాల కారు మార్కెట్టు సుట్టూ మూడు సుట్లు తిప్పుతాను. స్టార్టవ్వనేదా, నీ కడుపుతోటే సెప్తాను నీ సంగతి" అని షెడ్డులోకి పోయాడు.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. చెబుదామనే వెళ్ళాను. సాయిబు వద్దన్నాడని చెబితే, వాడికీ నీకూ మాటలేమిటే అంటాడు, తన్నులు ఖాయం. చెప్పకపోతే కారు కదలదు, అప్పుడూ తన్నులు ఖాయం. అందుకే భయంతో నోరు పెగల్లేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. భయం ఉంది, నిజమే. కానీ ఆయన వంగి, హేండిల్ దూర్చి, పిడికిలి బిగించి, బొటనవేలు చుట్టూ వెయ్యడం నా రెండు కళ్ళతో చూశాను. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, ఇంకా గట్టిగా తిప్పు, నీ బలమంతా పెట్టి తిప్పు అని మనసులో అరిచాను.

తిప్పాడు. ఇంజను ఒక్కసారి గర్జించి వెనక్కి తన్నింది. చెరుకుగడ విరిచిన చప్పుడయింది. ముంజేతి ఎముక చర్మం చీల్చుకుని తెల్లగా బయటికొచ్చింది, భుజం కీలు తప్పింది, తిరిగొచ్చిన హేండిల్ గడ్డం మీద తగిలి రెండు పళ్ళు రాలాయి. ఆయన అరుపుకి వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. నేనూ పరిగెత్తాను, ఏడ్చాను కూడా. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. ఎందుకేడ్చానో మాత్రం నన్నడక్కండి.

ఆస్పత్రిలో చెయ్యి కట్టించుకుని, పొద్దు వాలే వేళకి తిరిగొచ్చి, షెడ్డులో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పక్కన నలుగురు కళాసీలు. సాయిబు బస్సు దిగి, కాగితంలో చుట్టిన బోల్టు చేత్తో పట్టుకుని, ఏమీ తెలియకుండా తిన్నగా లోపలికొచ్చాడు. కళాసీలు పట్టుకుని నేలకేసి కొట్టారు. కాళ్ళతో తొక్కారు. మా ఆయన కూర్చున్న చోటు నుంచే తన్నుతూ, "తిరగబడతాదని నీకు తెల్దా? తెలిసి నాకెందుకు సెప్పనేదురా?" అని అరిచాడు. సాయిబు మొహమంతా రక్తం. మెల్లగా తలెత్తి నా కిటికీ వంక చూశాడు. మా షెడ్డుకి వస్తున్న ఆ రెండేళ్ళలో నా మొహం వంక నేరుగా చూడడం అదే మొదలు. నా మొహం చూశాడు, కాఫీకి కాలిన భుజం చూశాడు, కడుపు మీద పెట్టుకున్న నా చెయ్యి చూశాడు.

"మరిసిపోయేను బాబూ. తప్పు నాదే" అన్నాడు.

అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. కళాసీలు సాయిబు కుడిచెయ్యి లాగి కారు తలుపు సందులో పెట్టారు. మా ఆయన లేచి, ఎడమచేత్తో తలుపు వేశాడు. సీమ ఇనుము, బరువైన తలుపు. ఒకసారి కాదు, రెండుసార్లు వేశాడు. సాయిబు అరవలేదు, ఆయన బదులు నేను అరిచాను. అందరూ నేను రక్తం చూసి జడుసుకున్నాననే అనుకున్నారు. వాళ్ళు వెళ్ళాక షెడ్డులోకి వెళ్ళి, నెత్తుట్లో పడున్న ఆ బోల్టు ఏరుకొచ్చి, కడిగి, పోపులపెట్టెలో మెంతుల కింద దాచాను.

మూడు నెలలు కారు కదల్లేదు. వేరే ఊరి నుంచి మేస్త్రీలొచ్చి చేతులెత్తేశారు. చివరికి మా ఆయనే కబురు పెట్టాడు. సాయిబు వచ్చాడు! నాకైతే రాడనే అనిపించింది, రాకూడదనీ అనిపించింది. కుడిచేతికి రెండు వేళ్ళు వంకర తిరిగి, గోళ్ళు లేకుండా ఉన్నాయి. నేను కిటికీలోంచి బోల్టు అందించాను. చేతిలోకి తీసుకుని, మెంతుల వాసన చూసి, కొంచెం నవ్వాడు. నాకు దుఃఖం ఆగలేదు. "ఎందుకు చెప్పలేదు మేస్త్రీ? నాకు చెప్పే వెళ్ళానని ఒక్క మాట అంటే సరిపోయేది కదా" అన్నాను.

ఆయన బోల్టు బిగించడం మొదలుపెట్టాడు. వంకర వేళ్ళతో మర ఎక్కడం లేదు, మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాడు. "నాకు ముగ్గురు ఆడపిల్లలమ్మా" అన్నాడు. మర ఎక్కాక, "ఆ పాత గుడ్డ ఇటు పడెయ్యండి" అన్నాడు.

మా అమ్మాయి నెలలు నిండి సుఖంగా పుట్టింది. మా ఆయన కుడిచెయ్యి అతికింది కానీ భుజం దాటి పైకి లేచేది కాదు. ఒకట్రెండుసార్లు ఎడమచేత్తో నన్ను కొట్టబోయాడు, గురి కుదరక స్తంభానికి తగిలింది, మా అత్తగారు గదిలోకి పోయి తలుపేసుకుని నవ్వింది. క్రమంగా మానేశాడు. మంచితనం వల్ల కాదు, చేతకాక. కారుని తరవాత ఒక చెరుకు రైతు తీసుకెళ్ళి, ఇంజను ఊడదీసి గానుగకి బిగించుకున్నాడు. పందేలకి పరిగెత్తిన ఇంజను ఉన్నచోటే తిరుగుతూ చెరుకు రసం పిండింది. సాయిబు పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ రోజు మా వీధిలోంచి తీసుకెళ్తున్నారని తెలిసి కూడా గుమ్మం దాటి బయటికి రాలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని వస్తాను? మా ఆయన పోయినప్పుడు మాత్రం ఊరంతా కదిలొచ్చింది. ఎంత నెమ్మదస్తుడమ్మా, ఈగని కూడా తోలి ఎరగడు అని ఎవరో కుర్రవాడు నాతో అన్నాడు. వాడు పుట్టేసరికే మా ఆయన ముసలాడైపోయాడు, పాపం, వాడికేం తెలుసు.

"నొక్కవే అమ్మమ్మా" అని మనవడు మళ్ళీ అన్నాడు. నొక్కాను. వాడి తల్లి కడుపులో ఉన్నప్పుడు అడ్డం పెట్టుకున్న ఆ చేత్తోనే నొక్కాను. కారు ఏ గొడవా లేకుండా సన్నగా మోగింది. తలుపు పిడి పట్టుకున్న నా రెండో చేతి బొటనవేలు అవతలికి చుట్టుకోకుండా ఇటువైపే ఒదిగి ఉందని అప్పుడు చూసుకున్నాను. అరవై ఏళ్ళ నుంచి రోకలి పట్టినా, చీపురు పట్టినా, మంచం కోడు పట్టినా అలాగే పడుతున్నాను. మీటరు మీద అంకెలు మెరుస్తున్నాయి, వాడు వాటిని నమ్ముతున్నాడు. నమ్మనీ. కాలం కూడా తిరిగి తిరిగి ఒకనాటికి సున్నా దగ్గరకొచ్చి కొత్తదానిలా నిలబడుతుంది గానీ, తిరిగిన మైళ్ళు ఎక్కడికీ పోవు.